ఎండకు కొదవ లేదు, మరి చిక్కు ఎక్కడ? నల్లగొండ, పాలమూరు సోలార్ లెక్కలు

పోయిన మే నెలలో దేవరకొండ దగ్గర మా మేనమామ ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంట. మంచినీళ్లయినా తాగనివ్వకుండా నన్ను డాబా మీదికి తీసుకెళ్లాడు. స్లాబు మీద ఆరు సోలార్ ప్యానెళ్లు, మెట్ల గది గోడకు ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె. మొత్తం 3 కిలోవాట్లు అని చెప్పి బిగించి వెళ్లారట. ఇన్వర్టర్ స్క్రీన్ మీద మాత్రం 2.3 అని కనిపిస్తోంది.

"నిప్పులు కురిసినట్టు కొడుతుంది ఎండ. ఇప్పుడు గూడ మూడు రాకపోతే ఇంకెప్పుడొస్తది అల్లుడా?" అన్నాడు.

నేను జవాబు వెతుక్కునేలోపే ఊళ్లో కరెంటు పోయింది. స్క్రీన్ మీద అంకె సున్నాకు పడిపోయింది, కింద ఫ్యాను ఆగిన చప్పుడు పైకి వినిపించింది. నెత్తి మీద అంత ఎండ ఉండగా ఇల్లంతా ఉక్కపోత. "ఇదేంది మరి?" అని మామయ్య నా మొహం చూశాడు. బిగించినవాళ్లు ఈ సంగతులేవీ ఆయనకు చెప్పలేదు.

ఊరూరా సోలార్ మాట వినిపిస్తున్న రోజులివి. ఇంటి మీద ప్యానెళ్లకు కేంద్రం సబ్సిడీ, పోడు భూములకు సోలార్ పంపులు, మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల ప్లాంట్లు, 2030 నాటికి 20 వేల మెగావాట్ల అదనపు హరిత విద్యుత్తు లక్ష్యంగా 2025లో రాష్ట్ర ప్రభుత్వ కొత్త విధానం. ఇన్ని మాటల మధ్య మామూలు మనిషికి అర్థం కాకుండా పోయేవి కొన్ని ఉన్నాయి. మామయ్య అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చెబుతూ వెళితే వాటిలో చాలావరకు బయటపడతాయి.

రెండించుల బోరు, నిండిన తొట్టి: కిలోవాట్‌కూ యూనిట్‌కూ తేడా

బోరు వేసినప్పుడు "రెండించుల నీళ్లు పడ్డాయి" అంటాం. నీళ్లు ఎంత జోరుగా వస్తున్నాయో చెప్పే మాట అది. తొట్టి నిండిందా లేదా అన్నది వేరే సంగతి, బోరు ఎంతసేపు పోసిందో కూడా తెలిస్తేనే అది తేలుతుంది. కరెంటులో కిలోవాట్ అంటే జోరు, యూనిట్ అంటే తొట్టిలో చేరిన నీళ్లు. ఒక కిలోవాట్ హీటర్ గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది.

మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. ఏడాది మొత్తానికి 1,400 నుంచి 1,500 యూనిట్లు. రాత్రీ పగలూ పూర్తి జోరుతో నడిచే యంత్రమైతే రోజుకు 24 యూనిట్లు ఇచ్చేది. అంటే సోలార్ దాని పేరుకున్న సామర్థ్యంలో ఆరో వంతే చేతికిస్తుంది. ఇది ప్యానెల్ లోపం కాదు. రాత్రి ఉంటుంది, ఉదయం సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది, వానకాలం మొగులు కమ్ముతుంది. అన్నీ కలిపి తేలే సగటు అది.

పేపర్లో "ఇన్ని మెగావాట్ల సోలార్" అని చదివినప్పుడు ఈ ఆరో వంతు గుర్తుండాలి. దామరచర్ల దగ్గర కట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 4,000 మెగావాట్లు. బొగ్గు సరిగ్గా అంది, ఆ సామర్థ్యంలో 80 శాతం జోరుతో రోజంతా నడిస్తే రోజుకు 7 కోట్ల 68 లక్షల యూనిట్లు వస్తాయి. అన్నే యూనిట్లు సోలార్‌తో తీయాలంటే సుమారు 19 వేల మెగావాట్ల ప్యానెళ్లు పరవాలి. మెగావాట్‌కు నాలుగు నుంచి ఐదు ఎకరాలు పడుతుంది కాబట్టి భూమి 76 వేల నుంచి 95 వేల ఎకరాలు కావాలి.

ఈ పోలికను ఇక్కడే ఆపేస్తే సోలార్‌కు అన్యాయం జరుగుతుంది. థర్మల్ కేంద్రానికి ప్రతి యూనిట్‌కూ బొగ్గు కొనాలి, కృష్ణా నీళ్లు తోడాలి, బూడిదను ఎక్కడో పోయాలి. గనుల కింద పోయే భూమి మన కంటికి కనిపించదు, అంతే. సోలార్‌లో ఒకసారి పెట్టుబడి పెట్టాక ఎండకు బిల్లు రాదు. దేశంలో సోలార్ సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటడానికి ఉన్న కారణాల్లో ఈ చవక కూడా ఒకటి.

మే నెల ఎండ ప్యానెల్‌కు ఎందుకు పడదు

ఇక మామయ్య మొదటి ప్రశ్న. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ఎండలో ఈ రెండూ కలిసే వస్తాయి కాబట్టి ఎండ ఎంత మండితే కరెంటు అంత ఎక్కువ వస్తుందని అనుకుంటాం. నిజానికి సిలికాన్ పలక వేడెక్కేకొద్దీ నీరసిస్తుంది.

ప్యానెల్ వెనక అతికించిన కాగితం మీద "500 వాట్లు" అని ఉంటే, పలక 25 డిగ్రీల దగ్గర ఉండగా చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుతురు పడేలా చేసి కొలిచిన అంకె అది. మేలో నల్లగొండలో గాలే 43, 44 డిగ్రీలు ఉంటుంది. ఆ గాలిలో ఎండకు కాగే పలక 65 నుంచి 70 డిగ్రీలకు చేరుతుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకి ప్యానెల్ తన శక్తిలో 0.3 నుంచి 0.4 శాతం పోగొట్టుకుంటుంది.

మామయ్య ఇంటి లెక్కే వేద్దాం. పలక 68 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. 25 తీసేస్తే 43 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 0.35 శాతం చొప్పున 15 శాతం పోయింది. 3 కిలోవాట్లు 2.55 అయ్యాయి. ఎండాకాలపు దుమ్ముకు మరో 5 శాతం తీస్తే 2.42. వైర్లలో, ఇన్వర్టర్‌లో ఇంకో 5 శాతం. మిగిలింది 2.3. స్క్రీన్ మీద ఉన్న అంకె ఇదే. ఆయన ప్యానెళ్లలో ఏ దోషమూ లేదు. మార్చిలో ఎండ తేటగా ఉండి, వేడి ఇంకా ముదరదు కాబట్టి తరచూ మే కన్నా మార్చి నెల యూనిట్లే ఎక్కువ వస్తాయి.

ఆ 5 శాతం దుమ్ము గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో అదొక్కటే పెద్ద పనై కూర్చుంటుంది. ఎర్ర చెలకల నుంచి లేచే మట్టి, రోడ్ల దుమ్ము, వరి కోతలప్పటి పొట్టు అన్నీ పలక మీద పేరుకుంటాయి. కడిగితే పోతుంది కదా అనుకుంటాం. దేనితో కడుగుతామన్నదే సమస్య. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి లోకమంతా ఎరిగినదే. చాలాచోట్ల ఆ నీళ్లు చవుడుగా, కటువుగా కూడా ఉంటాయి. కాగిన గాజు మీద వాటిని పోస్తే నీరు ఆవిరైపోయి సున్నం మిగులుతుంది. మామయ్య ప్యానెళ్లను దగ్గరగా చూశాను. కింది అంచు వెంబడి తెల్లటి చారలు, టీ గిన్నె అడుగున కట్టే పొర లాంటివి. గోరుతో గీకితే కదల్లేదు. ఆయన శుభ్రంగా ఉండాలని ప్రతి ఆదివారం మధ్యాహ్నం బోరు నీళ్లతో కడుగుతున్నాడు. ఆ కడగడం వల్లే పొర కట్టింది. తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడు, వాన నీళ్లతోనో మెత్తటి నీళ్లతోనో కడిగి వెంటనే బట్టతో తుడిస్తే ఈ చారలు రావు. వందల ఎకరాల ప్లాంట్లకు ఇదే సమస్య కొన్ని వేల రెట్లు. అందుకే కొన్ని కంపెనీలు నీళ్లు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలకు మారుతున్నాయి.

నీడ సంగతి కూడా తెలుసుకోదగ్గదే. ప్యానెళ్లను గొలుసులా ఒకదానికొకటి కలుపుతారు. గొలుసులో ఒక పలక మీద నీళ్ల ట్యాంకు నీడ పడినా మిగతావాటి జోరు కూడా తగ్గుతుంది. మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి ప్యానెళ్లను దక్షిణానికి వాలుగా పెడతారు. కానీ మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరాన ఉంటాడు. చలికాలంలో నీడ పడని చోట ఆ మూడు నెలలు పడవచ్చు. డిసెంబరులో వచ్చి చూసి బిగించినవాళ్లకు ఇది తట్టకపోవచ్చు. ఇక కోతుల బెడద పల్లెల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. పలకల మీద గెంతుతాయి, వైర్లు పీకుతాయి. ప్యానెల్ గాజును 25 మిల్లీమీటర్ల వడగళ్లతో కొట్టి పరీక్షిస్తారు గానీ కోతుల గుంపుతో పరీక్షించరు.

ఊళ్లో కరెంటు పోతే సోలార్ కూడా ఎందుకు ఆగుతుంది

రెండో ప్రశ్నకు జవాబు ఒక మనిషి ప్రాణంతో ముడిపడి ఉంది.

ఇంటి మీది సోలార్ రెండు రకాలు. బ్యాటరీ పెట్టుకుని ఇంటివరకే నడిచేది ఒకటి. ఊరి లైనుకు కలిపి నడిచేది రెండోది. సబ్సిడీ మీద ఎక్కువమంది పెట్టించుకునేది ఈ రెండోదే. పగలు మిగిలిన కరెంటు మీటరు గుండా బయటికి పోతుంది, రాత్రి అవసరమైనంత లోపలికి వస్తుంది. నెలాఖరున ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి బిల్లు వేస్తారు. దీన్నే నెట్ మీటరింగ్ అంటారు.

ఇప్పుడు ఊళ్లో లైను తెగిందనుకుందాం. సబ్‌స్టేషన్‌లో సరఫరా ఆపి, హెల్పర్ స్తంభం ఎక్కాడు. ఆ క్షణంలో మన ఇంటి సోలార్ కరెంటు లైన్లోకి పోతూ ఉంటే? చచ్చిన లైను అనుకుని చెయ్యి వేసిన మనిషి బతకడు. అందుకే లైన్లో కరెంటు లేదని తెలిసిన మరుక్షణం ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలన్నది నియమం. మామయ్య ఇంట్లో ఫ్యాను ఆగిందంటే ఇన్వర్టర్ తన పని తాను సరిగ్గా చేసిందన్నమాట.

కరెంటు పోయినా ఇల్లు నడవాలంటే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ (లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే) ఇన్వర్టర్ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది, బ్యాటరీని కొన్నేళ్లకోసారి మార్చాలి. కరెంటు కోతలు తక్కువున్న ఊళ్లో అంత ఖర్చు గిట్టుబాటు కాదు.

లైనుకు కలిపిన సోలార్‌తో ఇంకో తంటా ఉంది. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ 100 కేవీఏ, అంటే సుమారు 100 కిలోవాట్ల జోరు మోయగలది అనుకుందాం. దాని కింద 40 ఇళ్లు 3 కిలోవాట్ల చొప్పున పెట్టించుకుంటే మొత్తం 120 కిలోవాట్లు. మధ్యాహ్నం జనమంతా పొలాల్లో ఉంటారు, ఇళ్లలో వాడకం తక్కువ. మిగులంతా ఒకేసారి ట్రాన్స్‌ఫార్మర్ మీదికి ఎదురు వస్తుంది. వోల్టేజీ పెరిగి ఇన్వర్టర్లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఊరు మొత్తానికి సోలార్ పెట్టాలంటే ప్యానెళ్లతోపాటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా పెంచుకోవాలి. వంగూరు మండలం కొండారెడ్డిపల్లిలో వందల ఇళ్లకు 3 కిలోవాట్ల చొప్పున పెట్టినప్పుడు లైన్ల పనులు కూడా చేయాల్సి వచ్చింది.

పొద్దు గూకిన తర్వాత ఏమవుతుంది

కరెంటును వడ్లలా గాదెలో పోసి ఉంచలేం. ఏ క్షణానికి ఎంత వాడకం ఉందో ఆ క్షణానికి అంత ఉత్పత్తి జరగాలి. తేడా వస్తే గ్రిడ్, అంటే కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే తీగల వల, తన లయ తప్పుతుంది (ఆ లయ 50 హెర్ట్జ్, సెకనుకు 50 సార్లు). తేడా మరీ ఎక్కువైతే కోతలు తప్పవు.

మన రాష్ట్రంలో రోజు ఎలా గడుస్తుందో చూడండి. ఉదయం ఏడు, ఎనిమిది గంటలకు ఇళ్లూ వ్యవసాయ మోటార్లూ ఒక్కసారే అందుకుంటాయి. అప్పటికి ఎండ ఇంకా ఏటవాలే. పదకొండు నుంచి మూడు దాకా సోలార్ పొంగి పొర్లుతుంది. సాయంత్రం ఆరున్నరకు సోలార్ సున్నా, సరిగ్గా అప్పుడే లైట్లు, టీవీలు, ఏసీలు మొదలు. మధ్యాహ్నం తగ్గించిన థర్మల్ కేంద్రాలను రెండు గంటల్లో వేల మెగావాట్లకు పెంచాలి. బొగ్గు బాయిలర్ గ్యాస్ పొయ్యిలా తిప్పగానే మండదు, తగ్గించడానికీ పెంచడానికీ గంటలు పడుతుంది. సోలార్‌ను తీసేశాక మిగిలే వాడకాన్ని గంట గంటకూ గీస్తే మధ్యాహ్నం లోతుకు దిగి సాయంత్రం నిటారుగా లేస్తుంది. బాతు ఆకారంలో ఉంటుందని దానికి ప్రపంచమంతా బాతు వంపు అని పేరు పెట్టింది.

దీనికి జవాబు నిల్వ. దక్షిణ తెలంగాణకు ఇందులో ఒక వరం ఉంది, దాని గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లు ఉంటే, అందులో 100.8 మెగావాట్ల చొప్పున ఏడు రెండు వైపులా తిరిగేవి. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి, అవీ అలాంటివే. నీరు కిందికి దిగితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇచ్చి వెనక్కి తిప్పితే కింది నీటిని పైకి తోడతాయి. మధ్యాహ్నం మిగిలిన సోలార్‌తో నీళ్లు పైకి ఎక్కించి, సాయంత్రం ఏడింటికి వదలవచ్చు. 100 యూనిట్లు పెట్టి తోడితే 75 నుంచి 80 యూనిట్లు తిరిగి వస్తాయి. మధ్యాహ్నం యూనిట్ చవక, సాయంత్రం యూనిట్ ఖరీదు కాబట్టి ఆ నష్టం భరించదగ్గదే.

మరి ఎప్పుడూ అదే ఎందుకు చేయరు? వెనక్కి తోడాలంటే ఆనకట్ట దిగువన నీళ్లు నిలిచి ఉండాలి. సాగర్ కింద అందుకోసం టెయిల్‌పాండ్ అనే దిగువ జలాశయం కట్టారు. శ్రీశైలానికి సాగర్ వెనక జలాలు ఆనుకుని ఉండాలి. రెండు రాష్ట్రాల మధ్య కృష్ణా నీటి తగాదా ఉంది. విద్యుత్ కోసం నీళ్లు వదిలితే సాగుకు నీళ్లు పోతున్నాయని ఒకరు, వదలకపోతే కరెంటు పోతోందని మరొకరు. 2021లో ఈ గొడవ ఎంత ముదిరిందో గుర్తుండే ఉంటుంది. ఇవి పాత యంత్రాలు కూడా. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. కాగితం మీద ఉన్న నిల్వ అంతా చేతికి అందదు.

రెండో దారి పెద్ద బ్యాటరీలు. 100 పెడితే 85 నుంచి 90 తిరిగి వస్తాయి, ఎక్కడైనా పెట్టవచ్చు, కృష్ణమ్మతో పని లేదు. కానీ ఇవి సాయంత్రం రెండు నాలుగు గంటలు గట్టెక్కించడానికే. జూలైలో వారం రోజులు మొగులు పడితే బ్యాటరీలు ఆదుకోలేవు. ఆ వారం థర్మల్ కేంద్రాలో జల విద్యుత్తో ఉండాల్సిందే. సోలార్ వచ్చాక కూడా బొగ్గు కేంద్రాలకు స్థిర ఛార్జీలు (కరెంటు కొన్నా కొనకపోయినా కట్టేవి) కడుతూనే ఉండాలన్న డిస్కంల, అంటే కరెంటు పంపిణీ సంస్థల బాధ ఇక్కడినుంచే వస్తుంది.

వంద మీటర్ల బోరు, ఐదు కిలోవాట్ల ప్యానెళ్లు: ఒక రైతు లెక్క

నా దృష్టిలో మన జిల్లాలకు సంబంధించి అసలు విషయం ఇదే. రాష్ట్రంలో పాతిక లక్షలకు పైగా వ్యవసాయ కనెక్షన్లు ఉన్నాయి. 2025 మార్చిలో రాష్ట్ర విద్యుత్ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటిందంటే అందులో యాసంగి మోటార్ల వాటా పెద్దది. రాత్రి కరెంటుకు చేన్లలోకి పోయి పాము కాట్లకు, షాకులకు గురైనవాళ్లు లేని ఊరు పాలమూరులో ఉండదు. నీళ్లు పగలు పారితే చాలు, రాత్రి పారనక్కర్లేదు. పగటి కరెంటుకు ఇంతకంటే సరైన వాడకందారు దొరకరు.

అయితే మన నేల కింద నీళ్లు లోతుల్లో ఉన్నాయి. ఆ లోతు లెక్క మొత్తం మార్చేస్తుంది. వెయ్యి లీటర్ల నీటిని వంద మీటర్లు, అంటే 330 అడుగుల పైకి ఎత్తడానికి ప్రకృతి సూత్రం ప్రకారం 0.27 యూనిట్ చాలు. మోటారు, పంపు కలిసి తీసుకున్న కరెంటులో నలభై శాతాన్నే నీళ్లు ఎత్తే పనిగా మారుస్తాయి కాబట్టి నిజంగా పట్టేది 0.68 యూనిట్. 5 హెచ్‌పీ పంపుకు పెట్టే సుమారు 5 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు 20 యూనిట్లు ఇస్తాయి. భాగిస్తే రోజుకు 29 వేల లీటర్లు.

ఇప్పుడు పంట. వరి మడిలో రోజుకు సగటున సెంటీమీటరు నీళ్లు ఇంకి, ఆవిరైపోతాయనుకుంటే ఎకరానికి రోజుకు 40 వేల లీటర్లు కావాలి. 29 వేల లీటర్లకు ముప్పావు ఎకరం కూడా పూర్తిగా తడవదు. అదే నీళ్లు డ్రిప్పులో బత్తాయికి ఇస్తే? ఇరవై అడుగుల ఎడంలో ఎకరానికి 108 చెట్లు. ఎండాకాలంలో చెట్టుకు 120 లీటర్లనుకున్నా ఎకరానికి 13 వేల లీటర్లు. రెండెకరాల తోట తడిసి ఇంకా మూడు వేల లీటర్లు మిగులుతాయి. బోరు 200 మీటర్లు ఉంటే ఈ అంకెలన్నీ సగానికి పడతాయి. పైగా లోతు బోర్లలో ఎండ చాలినంత ముదిరేదాకా మోటారు తిరుగుతుంది గానీ నీళ్లు పైకి రావు. ఉదయం, సాయంత్రం పలచటి ఎండ అంతా అలా వృథా అవుతుంది.

సోలార్ పంపు వరికి సరిపోవడం లేదని కొందరు రైతులు అనడం అబద్ధం కాదు, తోటకు బ్రహ్మాండంగా ఉందని మరికొందరు అనడమూ అబద్ధం కాదు. లోతు, పంట చెప్పకుండా ఈ మాట తేలదు.

2025 మేలో నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని ఈ లెక్కతో చూడండి. అటవీ హక్కుల పట్టాలున్న 2.10 లక్షల గిరిజన రైతులకు, 6 లక్షల ఎకరాలకు, ఐదేళ్లలో 12,600 కోట్లు. భాగిస్తే రైతుకు సగటున 6 లక్షలు, ఎకరానికి 2.10 లక్షలు. నల్లమల అడవిలోకి కరెంటు స్తంభాలు వేయడం కష్టం కాబట్టి అక్కడ సోలార్‌కు పోటీ లేదు. అందులో డ్రిప్పు, పండ్ల తోటలు కలిపి పెట్టడమూ సబబే. చిక్కల్లా రాతి నేలలో బోరు పడుతుందా అన్నదే. ప్యానెళ్లు ఎంత బాగున్నా ఎండిన బోరులోంచి నీళ్లు తీయలేవు.

మైదానంలో పరిస్థితి వేరు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది. కరెంటు ఉచితంగా వస్తుంటే రైతు సొంత డబ్బు పెట్టి సోలార్ పంపు ఎందుకు పెట్టించుకుంటాడు? పెట్టించుకోడు, అందులో ఆయన తప్పు లేదు. ఉచితం రైతుకే గానీ ప్రభుత్వానికి కాదు. విద్యుత్ రాయితీల కింద ప్రభుత్వం ఏటా పదివేల కోట్లకు పైగా డిస్కంలకు కడుతోంది. 2019లో వచ్చిన కేంద్ర పథకం పీఎం కుసుమ్‌లో మూడో భాగం దీనికోసమే. లైను కలిసిన మోటార్లకే సోలార్ జోడించవచ్చు, లేదా సబ్‌స్టేషన్ పక్కన ప్లాంటు పెట్టి వ్యవసాయ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి పొలాలకు వెళ్లే లైను) మొత్తాన్ని పగలు దాంతో నడపవచ్చు. రెండో పద్ధతిలో రైతు చేతిలో ఏదీ మారదు, కరెంటు వచ్చే చోటు మాత్రం మారుతుంది.

భూగర్భ జలాల గురించి ఇక్కడ రెండు వాదనలున్నాయి. యూనిట్‌కు పైసా ఖర్చు లేకపోతే మోటారు ఆపేవాళ్లు ఉండరని, సోలార్ పంపులతో నీటి మట్టం ఇంకా పడిపోతుందని కొందరంటారు. ఇప్పుడున్న ఉచిత కరెంటూ పైసా ఖర్చు లేనిదే, అదీ 24 గంటలు, సోలార్ అయితే కనీసం పొద్దు గూకగానే ఆగుతుందని ఎదుటివాళ్ల జవాబు. నాకు రెండో మాటలో బలం ఎక్కువ కనిపిస్తుంది. గుజరాత్‌లో ఖేడా జిల్లా ఢుండి అనే ఊరి రైతులు 2016లో సంఘంగా ఏర్పడి, తోడుకోగా మిగిలిన సోలార్ కరెంటును డిస్కంకు అమ్మారు. నీళ్లు తోడకపోతే డబ్బులు వస్తాయన్నమాట. అది మనకు కుదరాలంటే మిగులు యూనిట్‌కు ఇచ్చే ధర, ఆ నీళ్లతో పండే వరి కంటే లాభంగా తోచాలి.

200 యూనిట్ల లోపు ఇల్లు, 300 యూనిట్ల ఇల్లు

ఇంటి మీద ప్యానెళ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడో దానికి 18 వేలు, మొత్తం 78 వేల సబ్సిడీ. 3 కిలోవాట్లకు దాదాపు 2 లక్షలు అయితే చేతినుంచి పడేది లక్షా ఇరవై వేల పైచిలుకు.

నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి మన రాష్ట్ర కరెంటు ధరల్లో మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున 1,020 రూపాయలు, తర్వాతి 100 యూనిట్లు 7.70 చొప్పున 770. మొత్తం 1,790, పైన ఇతర ఛార్జీలు. 3 కిలోవాట్ల సోలార్ నెలకు 360 యూనిట్లు ఇస్తుంది కాబట్టి ఈ మొత్తం దాదాపు పోతుంది. ఏడాదికి 21 వేలు మిగిలితే ఆరేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి, ఇన్వర్టర్‌ను పదేళ్లకోసారి మార్చుకోవాలి.

నెలకు 150 యూనిట్లు వాడే ఇల్లు ఉంది. రేషన్ కార్డు ఉంది, గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఆ ఇంటికి సోలార్ వల్ల మిగిలేది ఏమీ ఉండదు. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ పల్లెల్లో ఎక్కువ ఇళ్లు ఈ లెక్కలోకే వస్తాయి. పేదింటికి గృహజ్యోతి ఎంత అవసరమో తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పుపట్టరు. కానీ ఒక ప్రభుత్వం సున్నా బిల్లు ఇస్తుంటే మరో ప్రభుత్వం ఇచ్చే సోలార్ సబ్సిడీకి ఆ ఇంట్లో చోటు ఉండదు. డిస్కం కోణంలో ఇంకో బాధ ఉంది. ఎక్కువ ధర కట్టే 300 యూనిట్ల ఇళ్లే ముందుగా సోలార్‌కు వెళ్లిపోతాయి, రాత్రి మాత్రం అదే లైను వాడుకుంటాయి. లైన్ల ఖర్చు మిగిలినవాళ్ల మీద పడుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం డిస్కం ఖరీదైన కరెంటు కొనే అవసరం మా వల్లే తగ్గుతోంది కదా అని ఇంటివాళ్లు అంటారు. ఇద్దరి మాటా కొంత నిజమే.

చెలకలో ప్యానెళ్లు వేస్తే

కుసుమ్ మొదటి భాగంలో రైతు తన భూమిలో అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల ప్లాంటు పెట్టి డిస్కంకు అమ్మవచ్చు. తెలంగాణలో ధర యూనిట్‌కు 3.13 రూపాయలు, ఒప్పందం పాతికేళ్లు. ఒక మెగావాట్ ఏడాదికి 15 లక్షల యూనిట్లు ఇస్తే 47 లక్షల రాబడి. వినడానికి బాగుంది. పెట్టుబడి మూడున్నర నుంచి నాలుగు కోట్లు. బ్యాంకు అప్పు ఇచ్చినా సొంతంగా కోటి రూపాయలదాకా చూపించాలి. నాలుగెకరాల చెలక ఉన్న రైతు దగ్గర కోటి ఉండదు. అందుకని కంపెనీకి కౌలుకు ఇవ్వడమే మిగులుతుంది.

వాన మీద ఆధారపడి ఆముదాలు, కందులు వేసే చెలకకు ఏటా తప్పకుండా వచ్చే కౌలు డబ్బు చిన్న విషయం కాదు. వలస పోవాల్సిన ఇంటికి అది పెద్ద ఊరట. అయితే కౌలు పట్టాదారుకు వస్తుంది. ఆ చెలకలో కలుపు తీసే కూలీలకు, నోటిమాట మీద సాగు చేసే కౌలురైతుకు, గొర్లు మేపుకునే కురుమ, గొల్ల కుటుంబాలకు వచ్చేదేమీ లేదు. కంచె పడితే వాళ్ల దారి కూడా మూసుకుపోతుంది. ప్యానెళ్లను ఎత్తులో పెట్టి కింద గడ్డి పెరగనిచ్చి గొర్లను మేపనివ్వడం సాధ్యమే, గడ్డి కోయించే ఖర్చు కూడా తప్పుతుంది. ఒప్పందం రాసుకునేటప్పుడు ఆ మాట ఎవరో ఒకరు అడగాలి.

అడగాల్సింది మరొకటి ఉంది. పాతికేళ్లయ్యాక ఆ పలకల గాజు, అల్యూమినియం, సిలికాన్, పాతిన ఇనుప కాళ్లు, వాటి కింది కాంక్రీటు ఎవరు తీస్తారు? 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్యానెళ్లను చేర్చారు, తయారీదార్ల మీద బాధ్యత పెట్టారు. కానీ చెలకలోని కాంక్రీటు దిమ్మెలు ప్యానెల్ తయారీదారు బాధ్యత కిందికి రావు. మామయ్యకు బత్తాయి తోట పక్కన అయిదెకరాల చెలక ఉంది, దాన్ని ఒక కంపెనీ కౌలుకు అడుగుతోంది. వాళ్లు ఇచ్చిన ముసాయిదా కాగితాలు నా చేతిలో పెట్టాడు. పన్నెండు పేజీల్లో కౌలు ఎంత, ఏటా ఎంత పెరుగుతుంది, దారి ఎటు అన్నవన్నీ ఉన్నాయి. భూమిని మళ్లీ దున్నుకునేలా చేసి అప్పగిస్తామన్న వాక్యం ఎక్కడా లేదు. అది చేర్చి తెమ్మని రాసి పంపాడు, జవాబు కోసం చూస్తున్నాడు.